మురుగునీరు, ఇంటి స్థలము, పురపాలక సంఘము

1955వ సంవత్సరము డిసెంబరు, 1956 జనవరి మాసములలో ఢిల్లీ నగరమున కామెర్ల వ్యాధి దావానలమువలె వ్యాపించెను. 29,000 మందికి పైగా జనులు పచ్చబడిన కన్నులతో మంచము పట్టిరి. యమునకు వచ్చిన వరద తీసిపోవుచుండగా నదీప్రవాహము దారి మారినది. నజఫ్‌గఢ్ కాలువ మురుగు వెనుకకు ఎగదన్ని, నగరమునకు త్రాగునీరు తోడు వజీరాబాదు కేంద్రమును చేరినది. నీటి సరఫరా ఉద్యోగులు ఏమరియుండలేదు. ఆపదను గుర్తించి క్లోరిను మోతాదు పెంచిరి. తత్ఫలితముగా టైఫాయిడు, గ్రహణి వంటి జాడ్యములు పెరుగలేదు. కాని కామెర్లను కలిగించు వైరసు ఆ క్లోరినునకు లొంగలేదు. అది నేడు హెపటైటిస్ ‘ఇ’ అని పిలువబడు వ్యాధియని తరువాతి కాలపు పరిశోధనలు నిర్ణయించినవి. గర్భిణీ స్త్రీలకు ఈ వ్యాధి మిక్కిలి ప్రాణాంతకమైనది.

ఈ ఉదంతమును ప్రస్తావించువారు సాధారణముగా నీటిశుద్ధిని గూర్చి హెచ్చరించి ఊరకుందురు. హెచ్చరిక యుక్తమే. కాని అంతకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఊరి మురుగు నదిలో కలియు చోటును, ఊరివారు త్రాగు నీరు తోడు చోటును అంత దగ్గరగా నుండనిచ్చినదెవరు? అది వైద్యుల లోపము కాదు, రసాయనముల లోపమును కాదు. ఏ పనికి ఏ నేలను కేటాయింపవలెనను నిర్ణయములోని లోపము. నేల విషయమున జరిగిన పొరపాటును పిదప క్లోరినుతో దిద్దబోయిరి. దిద్దుబాటు సగమే ఫలించినది.

ఢిల్లీలో నదీతీరమున నాడు జరిగినది, నేడు పెరుగుచున్న పట్టణముల శివారులలో వీధివీధిన చిన్న రూపమున జరుగుచున్నది. అచట నజఫ్‌గఢ్ కాలువ స్థానమున ఇంటి సెప్టిక్ ట్యాంకు. వజీరాబాదు స్థానమున పొరుగింటి బోరుబావి. ఈ రెండింటి నడుమ ఎంత దూరముండవలెనో చూచుటకు పురపాలక సంఘమునకు అధికారము కలదు. ఆ అధికారము ఏ దశలో వినియోగింపబడుచున్నదను విషయమే ఇచట విచారింపవలసినది.

2011 జనాభా లెక్కల ప్రకారము దేశమందలి పట్టణ గృహములలో 32.7 శాతమునకు మాత్రమే భూగర్భ మురుగు గొట్టములతో సంబంధముండెను. 38.2 శాతము గృహములు సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడియుండెను. అనగా వీధి క్రింది గొట్టముకంటె పెరటిలోని గొయ్యియే ఎక్కువ కుటుంబముల భారమును మోయుచుండెనన్నమాట. 2014లో స్వచ్ఛ భారత్ ఉద్యమము ఆరంభమైన పిమ్మట కోట్లకొలది క్రొత్త మరుగుదొడ్లు నిర్మింపబడినవి. స్త్రీలకును వృద్ధులకును అది కలిగించిన మేలు సామాన్యమైనది కాదు. అయితే మరుగుదొడ్డి కట్టుటతో మలము ఊరినుండి పోలేదు; కంటికి కనబడని చోటికి చేరినది. ఆ చోటు ఎట్టిదో చూచువారు కావలెను.

సెప్టిక్ ట్యాంకు మురుగును శుద్ధి చేయునని పెక్కుమంది నమ్మిక. అది సగము మాత్రమే నిజము. మురుగునీరు ఆ తొట్టిలో ఒక దినము లేక అంతకు మించి కదలక నిలిచినపుడు బరువైన పదార్థము అడుగునకు దిగును, తేలికైనది తెట్టుగా పైకి తేలును. గాలి లేని ఆ చీకటిలో పెరుగు సూక్ష్మజీవులు అడుగు బురదను కొంతవరకు జీర్ణము చేయును. కాని బయటికి వచ్చు నీరు చూచుటకు తేటగా నున్నను రోగక్రిములతో నిండియే యుండును. దానిని శుద్ధి చేయు మిగిలిన సగము పని నేల చేయవలెను. ఇంకుడు గుంతలోనికి పోయి, మట్టి పొరలలో మెల్లగా వడపోయబడినప్పుడే ఆ పని పూర్తియగును. కావున తొట్టి యెంత ముఖ్యమో, దాని చుట్టునున్న నేల అంత ముఖ్యము. ఈ సంగతి మేస్త్రీలకు చెప్పువారు లేరు, ఇంటి యజమానులకు అంతకంటెను లేరు.

పురపాలక కార్యాలయములో దాఖలైన ప్లానులో సెప్టిక్ ట్యాంకు చక్కగా, రెండు అరలతో, నడిమి గోడతో, గాలిగొట్టముతో కనబడును. నేలలో తరచుగా కనబడునది వేరు. అడుగున కాంక్రీటు వేయని గొయ్యి త్రవ్వి, చుట్టును ఇటుకలు పేర్చి, పైన బండలు కప్పివేయుదురు. ‘ఇది ఇరువదియేండ్లయినను నిండదు, లారీ పిలిపించు ఖర్చు లేదు’ అని మేస్త్రీ గర్వముగా చెప్పును, యజమాని సంతోషించును. నిండని ట్యాంకు ఎందుకు నిండుటలేదో, లోపలి నీరు ఎచటికి పోవుచున్నదో ఇరువురును ఆలోచింపరు. మరికొన్ని ఇండ్లలో తొట్టి సరిగానే యుండును గాని ఇంకుడు గుంతకు స్థలము చాలక, బయటి గొట్టమును వీధి కాలువలో కలిపివేయుదురు. వర్షపునీటికై త్రవ్విన ఆ కాలువ ప్రక్కనే త్రాగునీటి గొట్టము, కొన్నిచోట్ల దానిలోనుండియే, పోవుచుండుట చూడనివారుండరు. రోజుకొక గంట మాత్రమే నీరు వదలు ఊళ్లలో మిగిలిన గంటలందు గొట్టము ఖాళీగా నుండి, పగుళ్ల ద్వారా కాలువ నీటిని లోనికి పీల్చుకొనును. మరునాటి మొదటి బిందె ఆ నీటితోనే నిండును.

తనిఖీ జరుగవలసినది ఈ గొయ్యిని కప్పివేయుటకు ముందు. తొట్టిలో నీరు నింపి, ఒక రాత్రి గడచిన పిమ్మట మట్టము తగ్గినదా లేదా చూచుట చాలును. దానికి యంత్రములు అక్కరలేదు, ప్రయోగశాల అక్కరలేదు. ఒక కొలబద్ద, మరునాడు తిరిగి వచ్చు ఓపిక కావలెను. బండలు కప్పి, మట్టి పోసి, పైన మోటారు సైకిలు నిలుపుటకు గచ్చు చేసిన తరువాత ఏ ఇన్స్పెక్టరు వచ్చినను చేయగలిగినది లేదు.

తనిఖీ ఎంత శ్రద్ధగా జరిగినను దిద్దజాలని తప్పొకటి కలదు. భారత ప్రమాణముల సంస్థ సెప్టిక్ ట్యాంకులకై నిర్ణయించిన నియమావళి ప్రకారము మురుగు నీరు నేలలోనికి ఇంకుచోటు, బావి వంటి త్రాగునీటి ఆధారమునకు 18 మీటర్లకంటె దగ్గరగా ఉండరాదు. ఈ అంకెను పట్టణ శివారులలో అమ్ముడుపోవుచున్న స్థలముల పరిమాణముతో పోల్చి చూడవలెను. 100 గజముల స్థలము సుమారు 84 చదరపు మీటర్లు. అనగా ఇంచుమించు 9 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. బోరుబావి చుట్టును 18 మీటర్ల దూరమున వలయము గీచినచో అది 1,200 గజములను మించిన నేలను ఆక్రమించును. ఒక్క బోరును కాపాడుటకు పండ్రెండు ఇండ్ల స్థలము కావలెను. కాని ఆ పండ్రెండు ఇండ్లలో ప్రతిదానికిని ఒక బోరు, ఒక ఇంకుడు గుంత ఉండును. శానిటరీ ఇన్స్పెక్టరు ఎంత నిజాయితీపరుడైనను, యజమాని ఎంత మంచివాడైనను, అచట నియమము పాటింపబడుట అసాధ్యము. ఆ అసాధ్యత ఇల్లు కట్టిననాడు పుట్టినది కాదు. భూమిని 100 గజముల ముక్కలుగా కోసి, మురుగు గొట్టము వేయకుండ, ఇంటింటికి నీటి గొట్టము ఈయకుండ అమ్మిననాడే పుట్టినది.

చిన్న స్థలములు ఉండరాదని దీని భావము కాదు. పేదవారికి 100 గజములే భాగ్యము. పలువురికి అదియును లేదు. చిన్న స్థలముల పేటకు ఉమ్మడి మురుగు గొట్టమైనను, సామూహిక శుద్ధి కేంద్రమైనను, బోరులకు బదులు రక్షిత మంచినీరైనను ముందుగా ఏర్పరచవలెనని మాత్రమే దీని భావము. ఏ పేటకు ఏది తగునో నేల స్వభావమును బట్టియు ఉండును. గోదావరి, కృష్ణా డెల్టాలలో భూగర్భజలము వానకాలమున చేతికందునంత పైకి వచ్చును. అచట ఇంకుడు గుంత ఇంకదు సరిగదా, వరదలో పొంగి వాకిటిలోనికి వచ్చును. నల్లరేగడి నేలలు తడిసినచో ఉబ్బి నీటిని పోనీయవు. ఇసుకనేలలు దీనికి విరుద్ధముగా అతివేగముగా పీల్చి, వడపోయకయే బావికి అందించును. ఈ భేదములు రైతులెల్లరకును తెలియును. భూవినియోగ పటములో మాత్రము డెల్టా పొలమైనను, రేగడి చేనైనను నివాస ప్రాంతమని ఒకే పసుపు రంగు పూయబడును.

చట్టమందు ఈ విడదీత లేదు. 1992లో ఆమోదింపబడి 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములను పేర్కొన్నది. పట్టణ ప్రణాళిక, భూవినియోగ నియంత్రణ, భవన నిర్మాణము, నీటి సరఫరా, ప్రజారోగ్యము, పారిశుధ్యము అన్నియు ఆ ఒకే జాబితాలో నున్నవి. అంతకు ఎంతో ముందే 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టము మురుగు కాలువలను, మరుగుదొడ్లను గూర్చి ప్రత్యేకాధ్యాయములలో నియమములు చేసి, స్థానిక సంస్థలకును ఆరోగ్యాధికారులకును అధికారములిచ్చినది. లోపము అధికారములేమిలో లేదు. ఆ అధికారము రెండు బల్లల నడుమ చీలిపోవుటలో నున్నది. ప్లాను చూచు ఉద్యోగి రోడ్డు వెడల్పును, ఇంటి చుట్టు వదలిన ఖాళీని కొలుచును. కాలువ చూచు ఉద్యోగి దోమలను, చెత్తను చూచును. ఒకరి కాగితము మరియొకరికి పోదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయములు ఏర్పడినపుడు ప్రణాళిక కార్యదర్శిని, పారిశుధ్య కార్యదర్శిని ఒకే కప్పు క్రిందికి తెచ్చిరి. మంచి ఏర్పాటు. అయితే ఒకే గదిలో కూర్చుండుట వేరు, ఒకే దస్త్రముపై ఇరువురును సంతకము చేయుట వేరు.

ఇక క్రమబద్ధీకరణ విషయము. అనుమతి లేని లేఅవుటులలో స్థలములు కొన్నవారినుండి రుసుము వసూలు చేసి వానిని సక్రమములుగా ప్రకటించు పథకములు తెలుగు రాష్ట్రములలో పలుమార్లు వచ్చినవి. 2020లో తెలంగాణ ప్రకటించిన పథకమునకు సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చినవి. ఇంతమంది కొనుగోలుదారులను నేరస్థులనుట అన్యాయము. వారిలో పెక్కురు జీవితకాలపు కూడబెట్టును ఆ స్థలములలో పెట్టినవారు. రుసుము చెల్లించిన పిదప వారి పత్రము సక్రమమగును. వారి ఇంకుడు గుంతకు, పొరుగువారి బోరునకు నడుమ దూరము మాత్రము ఒక్క అడుగైనను పెరుగదు. ఆ రుసుమునుండి ఎంత భాగము ఆ పేటలోనే మురుగు గొట్టములకు ఖర్చగునో ముందుగా ప్రకటించి, ఏటేట లెక్క చూపినచో ఆ ధనమునకు అర్థముండును. అట్లు కానిచో అది ప్రభుత్వము తప్పును అమ్ముకొనుటయే యగును. అసలు లేఅవుటు వేసి లాభము గడించినవాడు ఈ వ్యవహారములో ఎచటను కనబడడు. అతడు అప్పటికే మరియొక పొలమునకు హద్దురాళ్లు నాటుచుండును.

నేలను ముందుగా కాపాడుటకు మన ప్రాంతముననే గొప్ప ఉదాహరణము కలదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచివేసిన పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు నిర్మింపబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు పుట్టిన ఈ చెరువులు తరతరములుగా నగరమునకు త్రాగునీరిచ్చినవి. 1996 మార్చిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించి, ఈ జలాశయములనుండి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించెను. 84 గ్రామములు దాని క్రిందికి వచ్చినవి. నీటిని శుద్ధి చేయుటకంటె నేలను అదుపులో నుంచుట మేలని ఒక ప్రభుత్వము లిఖితపూర్వకముగా అంగీకరించిన సందర్భమిది.

ఆ మరుసటి యేడే, 1997లో, అదే ప్రభుత్వము ఒక పరిశ్రమకు ప్రత్యేక మినహాయింపు నిచ్చెను. వివాదము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. 2000 డిసెంబరు 1వ తేదీన ఆ న్యాయస్థానము, లక్షలాది ప్రజల త్రాగునీటిని కాపాడుటకై చేసిన నిషేధమునుండి ఒక్క సంస్థకు మినహాయింపు చెల్లదని తీర్పు చెప్పినది. భూవినియోగ నియమములు ఎట్లు శిథిలమగునో ఈ చరిత్ర చెప్పుచున్నది. ఒక్కసారిగా రద్దుచేయుటకంటె, ఒక్కొక్క దరఖాస్తుపై ఒక్కొక్క మినహాయింపు చొప్పున అవి కరగిపోవును. పరిధిలో అనుమతి లేని కట్టడములు ఏండ్ల తరబడి లేచుచుండగా స్థానిక సంస్థలు నిరోధింపలేకపోయినవి. తుదకు 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము 69వ సంఖ్య ఉత్తరువుతో 111లోని నిషేధములను తొలగించెను. నగరపు నీటి అవసరములలో ఈ జలాశయముల భాగము బహుస్వల్పమైనదని కారణము చూపెను. అయినను నీటి నాణ్యత చెడరాదని షరతు విధించి, మురుగుశుద్ధి కేంద్రములను ప్రస్తావించెను. షరతు మంచిదే. ఒక్క విషయము మాత్రము క్రమమును గూర్చినది: శుద్ధి కేంద్రము, గొట్టములు ముందు, గృహములు పిదప రావలెను. ఈ వరుస తప్పినచోట ఫలితమేమో బెంగళూరు బెళ్లందూరు చెరువు చూపినది. నురుగు కట్టి, 2015లోను, 2017లోను, 2018లోను ఆ చెరువు మంటలనెత్తుకొనెను. నీరు మండుట పురాణములలో వినబడినదే గాని, మురుగుతో మండుట ఈ కాలపు విశేషము.

అనుమతుల విధానము సులభమైన కొలది తనిఖీ బాధ్యత పెరుగును. 2020లో తెలంగాణ చేసిన భవనానుమతుల చట్టము చిన్న గృహములకు యజమాని స్వీయ ధ్రువీకరణమునే ఆధారముగా తీసికొన్నది. కార్యాలయముల చుట్టు తిరుగు బాధ తగ్గినది. లంచమునకు తావు తగ్గినది. దీనిని నిందింపరాదు. అయితే కాగితము చూచు పని తగ్గిన ఉద్యోగులను గొయ్యి చూచు పనికి పంపుట న్యాయము. ప్లానులో దాగిన అబద్ధమును ప్లాను చూచి పట్టలేరు.

తనిఖీలనగానే జనులకు భయము కలుగును. ఆ భయము నిష్కారణమైనది కాదు. పుస్తకము చంకనిడుకొని వచ్చిన ఉద్యోగి, లోపమును దిద్దుటకు బదులు లోపమునకు వెల కట్టుట పలువురు ఎరిగినదే. దీనికి మందు తనిఖీలను మానుట కాదు. ఏమేమి చూడవలెనో ముందుగా అచ్చువేసిన ఒక్క కాగితముపై నుండవలెను; ఒక ప్రతి యజమానికీయవలెను; వార్డు ఫలితములను కార్యాలయపు గోడపై అంటింపవలెను. లోపమున్నచో మొదట గడువు, పేదవారికి సులభ వాయిదాలు, తరువాతనే జరిమానా. స్థలములు అమ్మినవాని పూచీ సొమ్మును, పేట మురుగు ఏర్పాటు పూర్తియై తనిఖీ జరుగువరకు విడువరాదు.

ట్యాంకులను కాలానుగుణముగా శుభ్రము చేయించుట వేరొక బాధ్యత. రెండు మూడేండ్లకొకసారి బురద తీయనిచో తొట్టి కేవలము దారి మాత్రమే యగును. యజమానులు పొంగినప్పుడే లారీని పిలుతురు. లారీవాడు చీకటి పడిన పిదప ఏ వాగులోనో, చెరువుగట్టునో బురదను వదలిపోవును. కృష్ణానది పుట్టిన చోటునకు సమీపమున, మహారాష్ట్రలోని సతారా జిల్లాలో, ఆ నదీతీరముననే యున్న వాయి అను చిన్న పట్టణము 2018నుండి వేరు మార్గము త్రొక్కినది. పొంగువరకు ఆగక, మూడేండ్లలో ప్రతి ఇంటి వంతు వచ్చునట్లు పురపాలక సంఘమే శుభ్రము చేయించి, ఖర్చును పారిశుధ్యపు పన్నుగా వసూలు చేయుచు, బురదను శుద్ధి కేంద్రమునకు చేర్చు ఏర్పాటు చేసికొన్నది. దిగువన కృష్ణనీరు త్రాగువారికి ఈ వార్త దూరపుది కాదు. తెలుగునాట వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే మలబురద నిర్వహణకు నియమావళి చేసినది. మరుసటి సంవత్సరము కేంద్ర ప్రభుత్వము జాతీయ విధానమును ప్రకటించినది.

పొరుగున ఢాకాలో 2023 జనవరిలో జరిగినది కొంత నవ్వు పుట్టించును. సంపన్నులు నివసించు గుల్షన్ పేటలో ఇండ్ల మురుగు గొట్టములను వర్షపు కాలువలలో కలిపియుండగా, ఉత్తర ఢాకా నగరపాలక సంస్థ ఆ గొట్టములను అరటి బోదెలతో మూయించెను. మురుగును వీధిపాలు చేయుట పేదల అజ్ఞానమనుకొనువారు ఈ పేటను గుర్తుంచుకొనవలెను. అయినను అరటి బోదె తనిఖీకి ప్రత్యామ్నాయము కాజాలదు. మూయవలసిన ఆ గొట్టములు ఇండ్లు కట్టిననాడే కలుపబడినవి.

చూడని ట్యాంకు ప్రాణములనుకూడ తీయును. బురదనుండి వెలువడు హైడ్రోజన్ సల్ఫైడు వాయువు క్షణములలో మనిషిని స్మారకము తప్పించును. లోనికి దిగినవాని నెత్తబోయి దిగిన రెండవవాడు, వాని వెంట మూడవవాడు మరణించుట వార్తాపత్రికలలో తరచు చదువుచున్నదే. రక్షణ లేకుండ మనుష్యులను ట్యాంకులలోనికి దించుటను 2013 చట్టము నిషేధించినది. మురుగు పనిలో మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలీయవలెనని 2014లో ఆదేశించిన సర్వోన్నత న్యాయస్థానము, 2023లో దానిని 30 లక్షలకు పెంచినది. ఆ మరణముల వెనుక లారీ గొట్టము చేరని ఇరుకు సందు, తెరచుటకు మూత లేని తొట్టి ఉండును. సందు ఇరుకైనది లేఅవుటులో. మూత లేనిది తనిఖీ లేక. ప్రణాళిక బల్ల, పారిశుధ్యపు బల్ల ఈ రెండును అచటనే కలిసినవి, ఆలస్యముగా.

ఆ రెండు బల్లలును ముందుగా కలియుటకు గొప్ప ధనరాశి అక్కరలేదు. ప్రతి వార్డునకు ఒక పుస్తకముండవలెను. అందులో ఇంటి సంఖ్య, స్థలపు విస్తీర్ణము, తొట్టి కొలతలు, అడుగు కట్టబడినదా లేదా, నీరు పోవు చోటు, దగ్గరి బోరునకు గల దూరము, చివరిసారి బురద తీసిన తేదీ వ్రాసి, ప్రణాళిక ఉద్యోగియు, పారిశుధ్య ఉద్యోగియు ప్రతి పుటపై సంతకము చేయవలెను. క్రొత్త లేఅవుటునకు అనుమతి కోరిన దస్త్రముతో ఆ ప్రక్క పేట పుటలను జతపరచి సంఘ సమావేశమున ఉంచవలెను. ఇందుకు క్రొత్త చట్టమును అక్కరలేదు; ఒక తీర్మానము చాలును. మొదటి పుటలో వ్రాయుటకు ఆ వార్డు కార్యాలయపు సొంత సెప్టిక్ ట్యాంకు కొలతలు పనికివచ్చును.